పైకప్పు కడగడానికి లిఫ్టు అద్దెకు తీసుకోవడం: ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది: రెండంతస్తుల ఇల్లు, రెండు వైపులా వాలిన పెంకుల కప్పు. చూరు నేలకు 6 మీటర్ల ఎత్తున, రెండు వాలులూ పైన కలిసే కొప్పు 9 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎండ తగలని వైపు వాలంతా నాచు పట్టింది. నిచ్చెన మీద నిలబడి ప్రెషర్ వాషర్ పట్టుకోవడం ప్రమాదమని గ్రహించి, మీరూ మీ తమ్ముడూ కలిసి ఒక రోజుకు లిఫ్టు, అంటే మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే యంత్రం, అద్దెకు తెచ్చుకుందామనుకుంటున్నారు. కొప్పు 9 మీటర్లే కాబట్టి 12 మీటర్ల యంత్రం సరిపోతుంది కదా అన్నది మీ ప్రశ్న. నిచ్చెన వద్దనుకోవడం చాలా మంచి నిర్ణయం. 12 మీటర్ల యంత్రం మాత్రం మీ ఇంటికి సరిపోకపోవడానికే అవకాశం ఎక్కువ. చాలా ఏళ్లు ఈ యంత్రాలను నడిపి, ఆ తర్వాత యంత్రం పంపే ముందు స్థలాలు చూసి వచ్చే పని చేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. అద్దె యంత్రం విషయంలో జనం పొరబడేది సాధారణంగా ఎత్తు దగ్గర కాదు. యంత్రం ఎక్కడ నిలబడుతుంది, అక్కడి నుంచి పక్కకు ఎంత దూరం చాచగలదు అన్న రెండు విషయాల దగ్గరే పొరబడతారు.

అంతకన్నా ముందు అసలు పైకి వెళ్లవలసిన అవసరం ఉందా అన్నది చూసుకోండి. పని కేవలం చూరు వెంట ఉన్న వాననీటి కాలువలో ఆకులూ బురదా తీయడమే అయితే, నేల మీద నిలబడి పొడవాటి గొట్టపు కర్రతో పీల్చే యంత్రాలు ఉన్నాయి, వాటితో సులభంగా అయిపోతుంది. నాచు విషయంలో కూడా తక్కువ ఒత్తిడితో నాచు మందు చల్లి, కొన్ని వారాల్లో అది ఎండి రాలిపోయేలా వదిలేసే పద్ధతి ఉంది. పెంకులకు అదే మంచిదని నా అభిప్రాయం. ఎక్కువ ఒత్తిడి నీరు పెంకుల పైపూతను చెక్కేస్తుంది, కింది నుంచి పైకి కొడితే పెంకుల అతుకుల సందుల్లోంచి నీరు లోపలికి దూరుతుంది. ఇక కప్పు పాత సిమెంటు రేకులదైతే, అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ప్రెషర్ వాషర్ మాటే ఎత్తకూడదు. పరీక్ష చేయించకుండా దాన్ని గీరడం, తోమడం కూడా తగదు. కొప్పు దగ్గర పగిలిన పెంకులు మార్చాలనో, దట్టంగా కట్టిన నాచును చేత్తో గీరాలనో మీకు ఉందనుకుని మిగతాది రాస్తున్నాను.

కరపత్రంలో "12 మీటర్లు" అని రాసే అంకె పని ఎత్తు. అంటే బుట్ట అడుగు 10 మీటర్ల దాకా లేస్తుంది, అందులో నిలబడిన మనిషి చేయి పైకెత్తితే అందే 2 మీటర్లను దానికి కలిపి చెబుతారు. గోడకు రంగు వేసేవాడికి ఆ లెక్క సరిపోతుంది. కప్పు కడిగేవాడు పని చేసేది తల పైన కాదు, తన కాళ్ల ముందు, కిందికి వంగి. కాబట్టి మీకు కావలసినది బుట్ట అడుగు ఎత్తు. దానికన్నా ముఖ్యమైనది మావాళ్లు ఔట్‌రీచ్ అని పిలిచే కొలత, అంటే యంత్రం నడిమి ఇరుసు నుంచి బుట్ట పక్కకు ఎంత దూరం చాచగలదన్నది. గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఔట్‌రీచ్ ఒకే భంగిమలో దొరకవు. నిట్టనిలువుగా లేచినప్పుడు ఎత్తు వస్తుంది, సగం ఎత్తులో చాచినప్పుడు దూరం వస్తుంది. ప్రతి యంత్రానికీ చెవి ఆకారంలో ఒక పటం ఉంటుంది, బుట్ట ఎక్కడెక్కడికి వెళ్లగలదో అది గీసి చూపిస్తుంది. అద్దెకిచ్చేవారిని ముందుగా అడగవలసినది ఆ పటమే.

మీ ఇంటి కొలతలతోనే ఒక లెక్క వేద్దాం. చూరు అంచు నుంచి కొప్పు దాకా అడ్డంగా 5 మీటర్లు ఉంటాయనుకుందాం. యంత్రం ఒరగకుండా నేలకు ఆనించే జాకీ కాళ్లు నాలుగు వైపులా చాచాలి, చూరుకు తగలకుండా కాస్త ఎడం కూడా ఉండాలి, కాబట్టి దాని ఇరుసు చూరు అంచుకు 3 మీటర్ల దూరంలో నిలుస్తుంది. కొప్పు అక్కడి నుంచి అడ్డంగా 8 మీటర్లు. నీళ్లు చిమ్మే వాషర్ కడ్డీ చేత పట్టుకుని 2 మీటర్ల ముందుకు అందుకోగలరనుకున్నా, బుట్ట 6 మీటర్లు పక్కకు రావాలి, అదీ అడుగు 8.5 మీటర్ల ఎత్తున ఉండగా. 12 మీటర్ల తరగతి యంత్రాల్లో చాలావాటికి ఆ ఎత్తున అంత ఔట్‌రీచ్ ఉండదు. పైగా మరో చిక్కు ఉంది. యంత్రం చేయి, అంటే బుట్టను మోసే పొడవాటి భాగం, 2 మీటర్ల ఎత్తున ఉన్న ఇరుసు నుంచి మొదలై తిన్నగా బుట్ట దాకా వెళ్తుందనుకోండి. సగం దూరంలో, అంటే సరిగ్గా చూరు అంచు దగ్గర, దాని ఎత్తు 5.25 మీటర్లే. చూరు 6 మీటర్లు. బుట్ట పైన బాగానే ఉంటుంది, చేయి మాత్రం వెళ్లి మీ వాననీటి కాలువను విరిచేస్తుంది. అందుకే కప్పు పనికి తిన్నటి చేయి కన్నా, మోచేతిలా మడిచి ముందు నిట్టనిలువుగా లేచి ఆ తర్వాత చూరు మీదుగా అవతలికి వంగే చేయి కావాలి. చదరపు గీతల కాగితం మీద ఒక సెంటీమీటరుకు ఒక మీటరు చొప్పున మీ ఇంటి అడ్డుకోత బొమ్మ, అంటే ఇంటిని మధ్యకు కోసి పక్క నుంచి చూసినట్టుండే బొమ్మ, గీసుకుని, యంత్రం పటాన్ని అదే కొలతకు పలుచని కాగితం మీద గీసి దాని మీద పరిచి చూడండి. పది నిమిషాల పని, ఏ యంత్రం చాలుతుందో, ఎక్కడ తగులుతుందో కళ్లకు కడుతుంది. మీ ఇంటికి 15 నుంచి 18 మీటర్ల తరగతి అవసరం కావచ్చునని నా అంచనా, ఖాయంగా చెప్పవలసింది మాత్రం ఆ కాగితమే.

యంత్రాల రకాల గురించి క్లుప్తంగా చెబుతాను. కత్తెర లిఫ్టు నిలువునా మాత్రమే లేస్తుంది కాబట్టి చూరు దాటి లోపలికి రాలేదు; కాలువ శుభ్రానికి తప్ప కప్పుకు పనికిరాదు, అదీ గట్టి చదును నేల ఉంటేనే. బండి వెనక కట్టి లాక్కెళ్లే ట్రెయిలర్ లిఫ్టు చవక, కానీ ఒకచోట దింపాక జాకీలు ఎత్తి మళ్లీ జరపడానికి సమయం తింటుంది. లారీ మీద బిగించినది వీధి వైపు వాలుకు చక్కగా సరిపోతుంది, పెరట్లోకి రాలేదు. ఇళ్ల మధ్య పనికి ఎక్కువమంది తీసుకునేది స్పైడర్ లిఫ్టు. రబ్బరు ట్రాకుల మీద నడుస్తుంది, చేయీ కాళ్లూ ముడుచుకుంటే చిన్నవి 80, 90 సెంటీమీటర్ల గేటులోంచి కూడా దూరతాయి, లోపలికి వెళ్లాక సాలెపురుగులా నాలుగు కాళ్లు చాస్తుంది. గేటు వెడల్పు కొలిచేటప్పుడు తలుపు రెక్క తెరిచాక మిగిలే ఖాళీ కొలవండి, స్తంభానికి స్తంభానికి మధ్య దూరం కాదు. యంత్రం వచ్చి గేటు ముందు నిలబడిపోయి, నాలుగు సెంటీమీటర్ల కోసం వెనుదిరిగిన రోజులు నేను చూశాను. రవాణా ఖర్చు ఎలాగూ మీదే.

ఇక నేల గురించి. ఈ మొత్తం సమాధానంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మీకు కావలసిన స్పైడర్ లిఫ్టు బరువు సుమారు రెండు టన్నులు, అంతకన్నా ఎక్కువ కూడా కావచ్చు. చేయి ఒక పక్కకు పూర్తిగా చాచినప్పుడు ఆ బరువు నాలుగు కాళ్ల మీద సమానంగా పడదు. ఆ పక్కనున్న ఒక్క కాలి మీదే సగానికి మించి పడవచ్చు. 1,500 కిలోలు ఒక కాలి మీద పడ్డాయనుకుందాం. కాలి పాదం 20 సెంటీమీటర్ల చదరమైతే, చదరపు సెంటీమీటరుకు 3.75 కిలోల ఒత్తిడి. అదే పాదం కింద 60 సెంటీమీటర్ల చదరపు పలక వేస్తే 0.42 కిలోలకు, అంటే తొమ్మిదో వంతుకు దిగుతుంది. ఆ పలక వంగకుండా ఉండేంత మందంగా ఉండాలి. పలుచని ప్లైవుడ్ ముక్క వేస్తే మధ్యలో కుంగి, అంచులు పైకి లేచి, వేసినా వేయనట్టే అవుతుంది. ఇటుకలు పేర్చి సరిపెట్టడం అంతకన్నా ప్రమాదం.

పైకి గట్టిగా కనిపించే నేల కింద ఏముందో తెలుసుకోండి. సెప్టిక్ ట్యాంకు, నీటి సంపు, మురుగు గుంట మూత, కొత్తగా పైపులు వేసి పూడ్చిన కందకం, పునాది తవ్వినప్పుడు గోడ వెంట పోసిన మట్టి, వీటిలో ఏ ఒక్కదాని మీదా జాకీ కాలు పడకూడదు. ఒకసారి నేను ఒక ఇంటి పెరట్లో గడ్డి మీద యంత్రం నిలిపాను. నేల ఏమిటని ఇంటివారిని అడిగాను, గట్టి నేలే అన్నారు, నేనూ కాలితో తొక్కి చూసి సరేననుకున్నాను. బుట్టలో ఆరేడు మీటర్లు లేచి చేయి చాచగానే కింద మెత్తగా 'గుప్పు'మని శబ్దం, వెంటనే ఒరుగు అలారం. ఎడమ కాలు జానెడు లోతుకు దిగిపోయింది. వాడకం మానేసి మట్టి కప్పిన పాత మురుగు గుంట అది. వారికీ గుర్తు లేదు. నేను చేసిన తప్పు ఏమిటంటే, కాళ్లు దింపాక చేయి చాచకుండానే ప్రతి కాలి మీదా బరువు మోపి కొంతసేపు ఆగి చూడకపోవడం. ఆనాటి నుంచి గునపంతో నాలుగు చోట్లా పొడిచి చూడనిదే కాలు దింపలేదు.

కప్పు కడిగే పనికి ప్రత్యేకంగా మరో సంగతి ఉంది, దాన్ని చాలామంది ఊహించరు. మామూలు ప్రెషర్ వాషర్ నిమిషానికి 15 లీటర్ల నీరు పోస్తుందనుకుంటే, ఐదు గంటల పనికి 4,500 లీటర్లు. ఆ నీరంతా వాలు మీదుగా దిగి సరిగ్గా మీ జాకీ కాళ్లున్న చోటే ఇంకుతుంది. పొద్దున గట్టిగా ఉన్న నేల మధ్యాహ్నానికి బురదవుతుంది. కాలువ గొట్టం చివర ఒక పైపు తగిలించి నీటిని దూరంగా పంపించండి, గంటకోసారి కిందికి దిగి ప్రతి పలక చుట్టూ చూడండి. వాన పడి వెలిసిన మర్నాడు గడ్డి నేల మీద ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

నేల వాలుగా ఉంటే, యంత్రం ఎంత వాలు ఎక్కగలదన్న అంకెనూ, ఎంత వాలు మీద నిలబడి పని చేయగలదన్న అంకెనూ కలిపేసుకోకండి. మొదటిది బుట్ట దించి నడిపించడానికి సంబంధించినది, రెండోదానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. జాకీలు లేని చక్రాల యంత్రాలకు పని చేసే వాలు సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీల లోపే. 5 డిగ్రీలంటే మీటరుకు 9 సెంటీమీటర్లు. జాకీ కాళ్లున్నవి తమను తాము సమం చేసుకుంటాయి, దానికీ ఒక హద్దు ఉంటుంది, యంత్రం మీదున్న పలకపై రాసి ఉంటుంది.

కరెంటు తీగల విషయంలో నాకు మొహమాటం లేదు. అద్దెకు దొరికే యంత్రాల్లో దాదాపు ఏదీ విద్యుత్తును ఆపదు. బుట్ట ప్లాస్టిక్‌దైనా సరే, చేయి ఇనుము. ఇంటికి వచ్చే తీగ కూడా తీగే. కనీసం 3 మీటర్ల దూరం ఉంచాలని చాలాచోట్ల నియమం, తీగలో వోల్టేజీ పెరిగే కొద్దీ ఆ దూరమూ పెరుగుతుంది. మీరు పట్టుకున్న కడ్డీ పొడవు, ఎగిరే నీటి ధార కూడా ఆ దూరంలోకే లెక్క. ఎడం చాలకపోతే విద్యుత్ సంస్థ చేత సరఫరా ఆపించుకోవాలి, వేరే దారి లేదు. గాలి విషయంలో, ఆరుబయట వాడకానికి తయారైన యంత్రాలకు సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్ల హద్దు మామూలు. కొన్ని చిన్న యంత్రాలు లోపలి వాడకానికి మాత్రమే, వాటి హద్దు సున్నా. వాతావరణ సూచనలో చెప్పే సగటు గాలిని కాదు, ఒక్కసారిగా వీచే ఈదురు గాలిని చూడండి; రెండు ఇళ్ల మధ్య సందులో గాలి ఇంకా బలంగా తోస్తుంది.

బుట్ట మోయగలిగిన బరువు 200 కిలోలని రాసి ఉంటే ఎంతో అనిపిస్తుంది. మీరిద్దరూ ఎక్కితే దుస్తులు, హార్నెస్‌లతో (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలతో) 160 అయిపోతాయి. వాషర్ గొట్టం, కడ్డీ, గొట్టంలోని నీరు కలిపి 8 కిలోలు, మందు డబ్బా 20 లీటర్లదైతే మరో 22. మొత్తం 190. ఇక ఊడదీసిన పెంకులు బుట్టలో పెట్టడం మొదలుపెడితే నాలుగైదింటికే హద్దు దాటుతుంది, బరువు కొలిచే పరికరం యంత్రాన్ని ఆపేస్తుంది, మీరు పైన నిలబడి అలారం వింటూ ఉంటారు. తడి నాచు బకెట్టు కూడా అంతే, పది లీటర్ల బకెట్టు బురద పదిహేను కిలోలు తూగుతుంది. కాబట్టి బుట్టలో ఒక్కరే ఉండి, రెండోవారు కిందే ఉండటం అన్ని విధాలా మంచిది. నీటి ధార తోపుడు గురించి కొందరు భయపెడతారు. 150 బార్ల ఒత్తిడితో నిమిషానికి 15 లీటర్లు పోసే కడ్డీ వెనక్కి తోసే బలం దాదాపు 43 న్యూటన్లు, నాలుగున్నర కిలోల బరువంత. బుట్టను పడదోయడానికి అది చాలదు, మనిషి ఉలిక్కిపడటానికి చాలు. పంపును, నీటి ట్యాంకును మాత్రం ఎప్పుడూ కిందే ఉంచండి. గొట్టాన్ని చేతి కీలుల్లో చిక్కుకోకుండా బుట్ట వెలుపలి నుంచి వదులుగా వేలాడదీయండి.

సోడియం హైపోక్లోరైట్ లాంటి నాచు మందు వాడితే యంత్రం అల్యూమినియం భాగాలనూ, మెరిసే హైడ్రాలిక్ కడ్డీలనూ అది తినేస్తుంది. హార్నెస్ నైలాన్ పట్టీల మీద పడితే వాటి బలం తగ్గుతుంది. ఏ మందు వాడతారో అద్దెకిచ్చేవారికి ముందే చెప్పండి, పని అయ్యాక మంచినీటితో కడగండి, నియంత్రణ పెట్టె మీదికి మాత్రం ధార కొట్టకండి.

బుట్టలో ఉన్నంతసేపు పూర్తి శరీర హార్నెస్ తొడుక్కుని, పొట్టి తాడుతో బుట్టలో గుర్తించిన కొక్కేనికే తగిలించుకోవాలి. పొడవాటి చేయి చివర ఉన్న బుట్టకు వడిసెల స్వభావం ఉంటుంది. కింద చక్రం చిన్న గుంటలో పడినా, చేయి చూరుకు ఆనుకుని విడిపోయినా, పైన మనిషి గాలిలోకి విసిరివేయబడతాడు. తాడు పొడవుగా ఉంటే పడ్డాక ఆపుతుంది, పొట్టిగా ఉంటే బుట్ట దాటనివ్వదు. మనకు కావలసింది రెండోది. హార్నెస్‌ను ఇంటి పొగగొట్టానికో దూలానికో కట్టకండి. బుట్ట కదిలితే మిమ్మల్ని అది చీల్చేస్తుంది. బుట్టలోంచి కప్పు మీదికి దిగడం అన్నది ఈ పనిలో అందరికీ కలిగే కోరిక, "ఒక్క అడుగే కదా" అనిపిస్తుంది. తడి నాచు మీద ఆ ఒక్క అడుగే జారుతుంది. మీ బరువు తగ్గగానే బుట్ట పైకి లేస్తుంది కూడా, తిరిగి ఎక్కేటప్పుడు అది మీరు దిగిన ఎత్తులో ఉండదు. అందని చోటు మిగిలిపోతే యంత్రాన్ని జరపండి.

బుట్టను వెనక్కి జరుపుతూ ముందుకే చూసేవాళ్లు చూరు కిందో, బాల్కనీ కిందో తమను తామే నొక్కేసుకోవడం ఈ యంత్రాల్లో తరచూ చెప్పుకునే ప్రమాదం. నియంత్రణ మీదికి వంగి ఇరుక్కున్న మనిషి తన చేతిని మీట మీద నుంచి తీయలేకపోతాడు. అందుకే కింద ఒకరు ఎప్పుడూ ఉండాలి, కింది నియంత్రణ తాళంచెవి దాని చోటే ఉండాలి. ఇంజిన్ ఆగిపోయినా బుట్టను దింపే అత్యవసర పంపు ఎలా వాడాలో మీ తమ్ముడు తన చేత్తో ఒకసారి చేసి చూడాలి. యంత్రం తెచ్చినవారు వెళ్లిపోకముందే ఇది చేయించుకోండి. వాళ్లు తొందరపెడతారు, అయినా వదలకండి.

మీరే నడపాలా, ఆపరేటర్‌తో తీసుకోవాలా అంటే, ఒక్క రోజు పనికి ఆపరేటర్‌తో తీసుకోమంటాను. మీరే నడపాలంటే శిక్షణ కావాలి, అది రకాన్ని బట్టి వేరు. ఇలాంటి లిఫ్టుల శిక్షణ చూసే అంతర్జాతీయ పవర్డ్ యాక్సెస్ సమాఖ్య వర్గీకరణలో జాకీల మీద నిలిచే చేతి లిఫ్టు 1బి, కత్తెర లిఫ్టు 3ఏ, కాబట్టి ఒకదాని శిక్షణ కార్డు రెండోదానికి చెల్లదు. ఆపరేటర్ వచ్చినా బుట్టలో మీరు ఎక్కితే హార్నెస్ నియమం మీకూ వర్తిస్తుంది. అడగవలసిన కాగితాలు రెండే: నిపుణుడు చేసిన చివరి తనిఖీ పత్రం, యంత్రం వాడకపు పుస్తకం. మనుషులను ఎత్తే యంత్రాలకు బ్రిటన్‌లో 1998 నాటి నియమాల ప్రకారం 6 నెలలకోసారి ఈ తనిఖీ తప్పనిసరి. మీ దగ్గర గడువు ఎంతైనా, పత్రం మీద తేదీ దాటిపోతే యంత్రాన్ని వెనక్కి పంపండి. బీమా ఎవరిది, పొరుగువారి గోడ దెబ్బతింటే ఎవరు కడతారు, గాలి వల్ల పని ఆగిన రోజుకు అద్దె పడుతుందా అన్నవి కాగితం మీద రాయించుకోండి. దింపిన వెంటనే నాలుగు వైపులా ఫొటోలు తీయండి, అంతకుముందే ఉన్న సొట్టల ఫొటోలు మరీ ముఖ్యం.

ఇప్పుడు చేయవలసింది: చూరు ఎత్తు, కొప్పు ఎత్తు, చూరు నుంచి కొప్పుకు అడ్డ దూరం, గేటు ఖాళీ వెడల్పు, యంత్రం నిలిచే చోటి కొలతలు, తీగలున్న దిక్కు, భూమిలోని ట్యాంకుల చోటు, ఇవన్నీ ఒక కాగితం మీద గీసి, నాలుగు ఫొటోలతో కలిపి అద్దెకిచ్చేవారికి పంపండి. ఎన్ని మీటర్ల యంత్రం కావాలో మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పమనండి. పటం పంపకుండా, ఎడం అడగకుండా వెంటనే "12 మీటర్లు చాలు" అన్నవారి దగ్గర తీసుకోకండి. ఆ కొలతలు ఇక్కడ కూడా రాస్తే, మీ ఇంటి అడ్డుకోత మీద పటం పరిచి చూసి నేనూ చెబుతాను.